ముందు తలుపు, తరువాత తాళంచెవి: గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో ‘ఎ లింక్ టు ద పాస్ట్’

ఇళ్ళ ప్లాన్లు గీయడం నా వృత్తి. నూటయాభై గజాల స్థలంలో మెట్లు ఎటు తిరగాలి, వంటింట్లోంచి పెరట్లోకి దారి ఎక్కడ పెట్టాలి, హాల్లో కూర్చున్న మనిషికి పడకగది తలుపు కనబడాలా వద్దా అన్న ఆలోచనలతోనే నా రోజు గడిచిపోతుంది. అందుకేనేమో, ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఎ లింక్ టు ద పాస్ట్’ అనే వీడియో ఆటను కొన్ని నెలలుగా ఆడుతున్నప్పుడు నా ధ్యాస కత్తి తిప్పడం మీద కంటే గదుల అమరిక మీదే ఎక్కువగా నిలిచింది. 1991 నవంబరు 21న జపాన్‌లో నింటెండో వారి సూపర్ ఫామికామ్ ఆట యంత్రం కోసం విడుదలైన ఈ ఆటను నేను ఆడింది 2002 డిసెంబరులో అమెరికాలో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి యంత్రం కోసం తిరిగి వెలువరించిన రూపంలో. అదే కార్ట్రిడ్జ్‌లో, అంటే యంత్రంలో అమర్చే ఆట బిళ్ళలో, ‘ఫోర్ స్వోర్డ్స్’ అనే మరో ఆట కూడా జతగా ఉంటుంది. ఈ సమీక్ష ఆ కార్ట్రిడ్జ్ గురించి, మరీ ముఖ్యంగా అందులోని డంజియన్ల, అంటే చిక్కులు విప్పుకుంటూ తిరగవలసిన గదుల కట్టడాల, నిర్మాణం గురించి.

డంజియన్ అన్న మాటకు నిఘంటువులో చెరసాల అన్న అర్థం దొరుకుతుంది కానీ, ఈ తరహా ఆటల్లో దాని స్వభావానికి మన కథల్లోని బిలమే సరిగ్గా సరిపోతుంది. సీతాన్వేషణలో దాహంతో అలమటించిన వానరులు ఒక బిలంలోంచి తడిసిన రెక్కలతో పక్షులు బయటికి రావడం చూసి, లోపల నీళ్ళుండి తీరాలని ఊహించి, ఒకరినొకరు పట్టుకుని ఆ చీకట్లోకి నడిచిన ఘట్టాన్ని మా తాతయ్య వేసవి రాత్రుల్లో డాబా మీద చెప్పేవారు. కంటికి కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని ఊహించడం, ఆ ఊహను నమ్మి అడుగు ముందుకు వేయడం, లోపలికి వెళ్ళాక అది నిజమేనని తెలిసినప్పుడు ఒళ్ళు పులకరించడం: ఈ ఆటలో నాకు దొరికిన సంతోషమంతా ఆ కోవకు చెందినదే. ఈ ఆట రూపకర్తలు తలుపును ముందు చూపిస్తారు, తాళంచెవిని తరువాత ఇస్తారు, ఆ రెండింటి మధ్య దూరాన్ని ఆడేవారి జ్ఞాపకశక్తి మీద వదిలేస్తారు. ఆ నమ్మకమే నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన విషయం.

కథ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో చెప్పుకోదగినంత లోతు లేదు. హైరూల్ రాజ్యంలో అగనిమ్ అనే మాంత్రికుడు రాకుమారి జెల్డాను బంధిస్తాడు. లింక్ అనే కుర్రవాడు ఆమెను విడిపించి, మూడు లాకెట్లు సంపాదించి, వాటి బలంతో మాస్టర్ స్వోర్డ్ అనే ఖడ్గాన్ని అందుకుని, ఆపైన చీకటి లోకంలో బందీలుగా ఉన్న ఏడుగురు కన్యలను విడిపించి, చివరికి గానన్ అనే ప్రధాన శత్రువును ఎదుర్కొంటాడు. అయితే ఆ కథ మొదలయ్యే తీరు మాత్రం చాలా గొప్పగా ఉంది. జోరున వాన కురుస్తున్న రాత్రి, నిద్రలో వినిపించిన పిలుపుకు లేచి, ఇంట్లో పెట్టెలోంచి దీపం తీసుకుని, కోట పక్కనున్న పొద కింది రహస్య మార్గంలోకి దిగి, అక్కడ గాయపడి ఉన్న మేనమామ చేతి నుంచి కత్తి అందుకుని లోపలికి వెళ్ళాలి. జెల్డాను విడిపించాక సింహాసనం వెనకనున్న అలంకారపు పలకను పక్కకు నెడితే మురుగు సొరంగాలు మొదలవుతాయి, అక్కడ దీపపు వెలుగు లింక్ ఎటు చూస్తే అటు మాత్రమే పడుతుంది. ఒక్క పాఠం చెప్పకుండానే, దారులు గోడల వెనక దాగి ఉంటాయనీ, చీకట్లో నిదానంగా నడవాలనీ, ముందుకు వెళ్ళే దారి ఎప్పుడూ ఎదురుగానే ఉండదనీ ఆ మొదటి అరగంటలోనే మనకు అర్థమయ్యేలా చేశారు.

ఇక తలుపు ముందు, తాళంచెవి తరువాత అన్న మాటకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ డంజియన్‌లో కాదు, ఊరి చివరి గ్రంథాలయంలో ఉంది. ఆట మొదట్లోనే ఆ గ్రంథాలయానికి వెళితే ఎత్తయిన అల్మారా పైన ఒక పుస్తకం కనిపిస్తుంది, అందదు, ఎక్కడానికి నిచ్చెన ఉండదు, తీసే మార్గం ఎవరూ చెప్పరు. తూర్పు ప్రాసాదం అనే మొదటి డంజియన్‌ను పూర్తి చేశాక సహస్రాలా అనే వృద్ధుడు పరుగెత్తడానికి పనికివచ్చే బూట్లు ఇస్తాడు. ఆ బూట్లతో పరుగెత్తి ఒక చెట్టును ఢీకొన్నప్పుడు, ఈ పరుగు వస్తువులను కదిలించగలదన్న సంగతి చేతికి తెలుస్తుంది. వెంటనే ఆ అల్మారా గుర్తుకు వస్తుంది. వెనక్కి వెళ్ళి అల్మారాను ఢీకొంటే పుస్తకం కింద పడుతుంది, ఎడారి కోట గుమ్మం ముందున్న శాసనాన్ని చదవడానికి అదే ఆధారం, ఆ శాసనం చదివితేనే కోట తెరుచుకుంటుంది. నేను ఆ పుస్తకాన్ని చూసింది ఒక సోమవారం, తీసింది ఆ మరుసటి వారం గురువారం. మధ్యలో కార్యాలయంలో ఒక డూప్లెక్స్ ఇంటి మెట్లు గీస్తూ ఉండగా ఆ అల్మారా మనసులో మెదిలి, సాయంత్రం ఎప్పుడవుతుందా అని గడియారం చూశాను. ఆట యంత్రం కట్టేసి ఉన్నప్పుడు కూడా లోపల ఆలోచన నడిపించగలగడం చిన్న విషయం కాదు.

1986లో వచ్చిన మొట్టమొదటి జెల్డా ఆటకూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. ఆ ఆటకు మూలం తన చిన్నతనంలో క్యోటో దగ్గరి సొనోబే పల్లె పరిసరాల్లో కొండలు, గుహలు తిరిగిన అనుభవమేనని దాని రూపకర్త షిగెరు మియామోటో అనేక సందర్భాల్లో చెప్పారు. ఆ తొలి ఆటలో తొమ్మిది డంజియన్లున్నాయి, గుహను మొదటిసారి చూసిన పిల్లవాడి విస్మయం కూడా ఉంది. అయితే బాంబుతో పగిలే గోడకూ పగలని గోడకూ కంటికి ఏ తేడా కనిపించదు కాబట్టి ప్రతి గోడనూ పరీక్షించుకుంటూ పోవలసిందే. మియామోటో నిర్మాతగా, తకాషి తెజుకా దర్శకుడిగా రూపొందించిన ఈ 1991 నాటి ఆటలో బలహీనమైన గోడల మీద సాధారణంగా సన్నని బీటలు కనిపిస్తాయి. అంతకంటే ముచ్చటైన సంగతి, కత్తి మొనతో గోడను తట్టితే గట్టి గోడ ఒక శబ్దం, డొల్ల గోడ మరో శబ్దం చేస్తాయి. ఇంటికి టైల్స్ పరిచాక కింద సిమెంటు సరిగా పట్టిందో లేదో చూడడానికి మా మేస్త్రి నాణెంతో ఒక్కొక్క పలకనూ తట్టుకుంటూ పోతాడు, డొల్లగా ఉన్న చోట శబ్దం మారగానే చేయి ఆగిపోతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఈ ఆటలో గోడలు తట్టుతున్నప్పుడు నా చేయి కూడా అలాగే ఆగింది. వెతికే మనిషికి ఆధారం ఇవ్వడం వెతుకులాటను సులభం చేయడం కాదు, దానికి గౌరవం ఇవ్వడం.

డంజియన్లలో మొదటిదైన తూర్పు ప్రాసాదం చదరపు కాగితం మీద గీసుకుని చూస్తే చాలా క్రమబద్ధమైన కట్టడం. విల్లు ఉన్న పెద్ద పెట్టె మనకు ముందుగానే కనబడుతుంది, కానీ అది పెద్ద తాళంచెవి లేకుండా తెరుచుకోదు. ఆ తాళంచెవి కోసం పక్క గదులన్నీ చుట్టి, చీకటి గది దాటి మళ్ళీ ఆ పెట్టె దగ్గరికే చేరుకుంటాం. ఇలా తిరిగి తిరిగి ఒకే నడిమి గదికి రావడం వల్ల ఆ భవనం నడక మనకు తెలియకుండానే కంఠతా వచ్చేస్తుంది. దాదాపు ప్రతి డంజియన్‌లోనూ గదులను చూపే మ్యాప్, బాస్ (చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) ఎక్కడ ఉన్నాడో చూపే దిక్సూచి దొరుకుతాయి, కానీ అవి ఏ గది ఎక్కడ ఉందో చెబుతాయే తప్ప ఎలా చేరాలో చెప్పవు. ఆ హద్దు దగ్గర ఆగిపోవడం రూపకర్తల వివేకం అని నా అభిప్రాయం.

నా మనసు ఎక్కువగా నిలిచింది హేరా గోపురం మీద. ఇది మృత్యు పర్వతం మీది నిలువు కట్టడం. దీని పై అంతస్తుల నేలలో ఖాళీలుంటాయి, వాటిలోంచి కింది అంతస్తు మసకగా కనబడుతుంది. ఖాళీలో అడుగు వేస్తే సరిగ్గా దాని కింది చోటనే పడతాం. మొదట ఇది శిక్షలా అనిపిస్తుంది, కొంతసేపటికి ఇదే దారి అని అర్థమవుతుంది. ఈ డంజియన్‌లోని పెద్ద పెట్టె దగ్గరికి నేల మీద నడిచి వెళ్ళడానికి దారి లేదు, పై అంతస్తు నుంచి సరైన చోట కిందికి దూకాలి. ప్లాన్ గీసేవారికి ఇది ఎంత ఆనందం కలిగించే విషయమో మాటల్లో చెప్పడం కష్టం, ఎందుకంటే మేము రెండు అంతస్తుల ప్లాన్లను పల్చని ట్రేసింగ్ కాగితాల మీద గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, పై గోడ కింది దూలం మీద పడుతోందో లేదో చూసుకుంటాం. ఆ పనినే ఈ గోపురం ఆడేవారి చేత ఆటగా చేయిస్తుంది. తార్నాకలో సీటు దొరికిన ఒక ఉదయం మెట్రోలో కూర్చుని, కార్యాలయపు ట్రేసింగ్ కాగితం ముక్కల మీద ఆ అంతస్తులను పెన్సిల్‌తో గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూశాను. దూకవలసిన చోటు చుక్క పెట్టినట్టు కనిపించింది. అమీర్‌పేటలో దిగే లోపల పెట్టె తెరిచాను.

గోపురం పైన ఎదురయ్యే మోల్డార్మ్ అనే బాస్ గొంగళిపురుగు లాంటిది, దాని తోక మీద మాత్రమే దెబ్బ తగులుతుంది. అది నెట్టేస్తే కింది అంతస్తులో పడతాం, తిరిగి పైకి వెళ్ళేసరికి దానికి తగిలిన దెబ్బలన్నీ మాయమై ఉంటాయి. దీనిని చాలామంది విసుగు పుట్టించే ఏర్పాటుగా భావించవచ్చు, నేనూ ఆరుసార్లు పడ్డాను. అయినా దీన్ని తప్పుబట్టలేను, ఎందుకంటే ఈ కట్టడం మొదటి నుంచి చివరి వరకు పడడం గురించే మాట్లాడుతోంది. ఇంతసేపూ మనకు దారిగా ఉపయోగపడిన ఖాళీయే చివరి గదిలో మనకు శత్రువుగా మారుతుంది. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొట్టి కొండ పైనున్న బాలా హిసార్ వరకు ఆ చప్పుడు వినిపించే ఏర్పాటును చూసిన ప్రతిసారీ, కట్టినవారు గుమ్మం దగ్గర ఉన్నప్పుడే శిఖరం గురించి ఆలోచించారని నాకు అనిపిస్తుంది. హేరా గోపురంలోనూ మొదటి గదికీ చివరి గదికీ మధ్య అలాంటి చప్పుడు ఒకటి నడుస్తుంది.

ఆట సగానికి వచ్చేసరికి చీకటి లోకం తెరుచుకుంటుంది. అది మనం అప్పటికే తిరిగిన హైరూల్‌కు వికృతమైన ప్రతిబింబం, అదే కొండ, అదే చెరువు, కానీ దారులు వేరు. చీకటి లోకంలోంచి వెలుగు లోకంలోకి మాయ అద్దం ద్వారా రావచ్చు, వచ్చిన చోట మెరుస్తూ మిగిలే గుర్తు మీద అడుగు పెడితే తిరిగి అక్కడికే చేరవచ్చు. దాంతో వెలుగు లోకంలో చేరలేని గట్టు ఒకటి కనిపించగానే, చీకటి లోకంలో అదే చోటికి నడిచి వెళ్ళి అద్దం చూపితే సరిపోతుందేమో అన్న ఆలోచన వస్తుంది. నాలుగు కలిస్తే ఒక ప్రాణమయ్యే గుండె ముక్కలు ఆటలో మొత్తం 24 ఉన్నాయి, వాటిలో కొన్నింటిని నేను కేవలం ఈ ఆలోచనతోనే సంపాదించాను. ఈ రెండు లోకాల అనుబంధం డంజియన్ల లోపలికి కూడా వచ్చింది: చీకటి లోకంలోని బురద ప్రాసాదం గుమ్మంలో కాలువ ఎండిపోయి ఉంటుంది, దారి ముందుకు సాగదు, అద్దంతో వెలుగు లోకంలోకి వచ్చి అక్కడి ఆనకట్ట లోపలి మీటను లాగి నీళ్ళు వదిలితే, చీకటి లోకంలోని ప్రాసాదంలోకి నీళ్ళు చేరి, ఈదుకుంటూ లోపలికి వెళ్ళగలుగుతాం. ఒక లోకంలో చేసిన పని మరో లోకంలో నీరై నిండడం నాకు ఎంతగానో నచ్చింది. పుర్రెల అడవి అనే డంజియన్ అయితే అడవి అంతటా విడివిడి గుమ్మాలుగా విస్తరించి ఉంటుంది, బయటికి వచ్చి మరో గుంటలోకి దిగితే తప్ప అది పూర్తి కాదు. లోపల, బయట అన్న తేడానే చెరిపేసిన ఆ ప్రయోగం ధైర్యంగా ఉంది, కానీ అక్కడ నాకు దారి కంటే తికమకే ఎక్కువగా దొరికింది.

దొంగల ఊరి కింద ఉన్న డంజియన్ గురించి కొంచెం వివరంగా రాయాలి. ఇంకా ఆడనివారు ఈ పేరాను, దీని తరువాతి పేరాను వదిలేసి ముందుకు వెళ్ళడం మంచిది. ఆ ఆదివారం మా అక్క కొడుకు మా ఇంటికి వచ్చి, నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. బాస్ గదికి వెళ్ళే దారి తెరుచుకుంది, లోపలికి వెళితే గది ఖాళీగా ఉంది. తప్పు దారిలో వచ్చామేమోనని మ్యాప్ మళ్ళీ చూశాను, దిక్సూచి ఆ గదినే చూపిస్తోంది. అటూ ఇటూ వెతగ్గా కింది అంతస్తు కొట్టులో ఒక కన్య బందీగా కనిపించింది, విడిపించగానే మన వెంట నడవడం మొదలుపెట్టింది. ఆమెను బయటికి తీసుకువెళ్ళబోతే మాత్రం గుమ్మం దగ్గర ఒప్పుకోలేదు, బయటికి తీసుకువెళ్ళవద్దని బతిమాలింది. నేను ఆ మాటను కథలో భాగమనుకుని వదిలేశాను. వాడు మాత్రం కాసేపు ఊరుకుని, “పిన్నీ, ఊళ్ళో ఒక ఇంట్లో ఒకడు దొంగల నాయకుడి గురించి చెప్పాడని నువ్వు కాగితం మీద రాసుకున్నావు కదా, వాడికి వెలుగంటే గిట్టదని,” అన్నాడు. కాగితం తీసి చూస్తే మూడు వారాల క్రితం నా చేత్తోనే రాసుకున్న మాట అది. పై అంతస్తులో నేల బీటలు వారిన గది ఒకటి ఉన్న సంగతి అప్పుడు ఇద్దరికీ ఒకేసారి గుర్తుకు వచ్చింది.

పైకి వెళ్ళి ఆ బీటల మీద బాంబు పెట్టాం. నేల విరిగిపడి కింద ఖాళీగా ఉన్న గదిలోకి ఎండ దిగింది. కన్యను వెంటబెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి వెలుగు పడిన చోటికి నడిపించగానే ఆమె రూపం మారిపోయి బ్లైండ్ అనే దొంగల నాయకుడు బయటపడ్డాడు. మా వాడు సోఫా మీదికి ఎగిరి గంతేశాడు, నేను చెప్పలేనంత సంతోషంతో యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక నిమిషం అలాగే కూర్చున్నాను, ఆ నిమిషంలో బ్లైండ్ చేతిలో లింక్ చనిపోయాడు కూడా. ఈ చిక్కులో మీటలు లేవు, రంగు దిమ్మెలు లేవు, తాళంచెవి లేదు. ఎన్నో గంటల క్రితం విన్న ఒక మాట, గుమ్మం దగ్గర వినిపించిన ఒక వేడుకోలు, పై అంతస్తులోని ఒక బీట, ఖాళీగా ఉన్న ఒక గది కలిసి సమాధానం అయ్యాయి. భవనమే కథ చెప్పడం అంటే ఇదే. ఆ తరువాత వచ్చిన ఎన్నో ఆటల్లో బాస్ గదికి ముందు ఆర్భాటమైన దృశ్యాలు చూశాను, ఒక ఖాళీ గది కలిగించిన అనుమానానికి అవేవీ సాటి రాలేదు.

మెచ్చుకోలు ఇంత రాశాక లోపాలనూ అంతే స్పష్టంగా చెప్పడం న్యాయం. మంచు ప్రాసాదం ఈ ఆటలో నాకు నచ్చని డంజియన్. అందులో జారే నేల, చాలా అంతస్తులు, కిందికి పడే గుంటలు కలిసి, ఎక్కడ ఉన్నామో తెలియని స్థితి కలుగుతుంది. హేరా గోపురంలో పడడానికి అర్థం ఉంది, ఇక్కడ పడితే చేసిన పనినే మళ్ళీ చేయడం మాత్రమే మిగులుతుంది. మూల ఆటలో ఒక దిమ్మెను కింది అంతస్తులోని మీట మీద పడేలా నెట్టడం కోసం పెద్ద చుట్టు తిరిగి రావలసిన చిక్కు ఉండేది, గేమ్‌బాయ్ అడ్వాన్స్ రూపంలో దాన్ని మార్చారు. మార్చిన తరువాత కూడా నాకు అది భారంగానే అనిపించింది. రెండో లోపం సంగీతం గురించి: కోజి కొండో కూర్చిన చీకటి లోకపు బాణీ, కోట బాణీ ఎన్నిసార్లు విన్నా విసుగు రానివి కానీ, చీకటి లోకంలోని డంజియన్లన్నింటికీ ఒకే బాణీ వాడడం వల్ల ఒక్కొక్క కట్టడానికి ఉన్న ప్రత్యేకత చెవికి చేరదు. చూపులో ఇంత వైవిధ్యం సాధించినవారు వినికిడిలో ఎందుకు సరిపెట్టుకున్నారా అని బాధ కలిగింది.

గేమ్‌బాయ్ అడ్వాన్స్ రూపానికి సంబంధించిన ఇబ్బందులు మరికొన్ని ఉన్నాయి. మూల యంత్రం తెర మీద 256 అడ్డం, 224 నిలువు చుక్కల బొమ్మ కనిపిస్తే, ఈ చేతి యంత్రం తెర 240, 160 చుక్కలే కాబట్టి పైనా కిందా చాలా భాగం కత్తిరించుకుపోయింది. ఒకే చూపులో గది మొత్తం కనబడేలా గీసిన చిత్రంలో గది అంచు కనబడకపోవడం, నాలాంటి వృత్తిలో ఉన్నవారికి ప్లాన్ కాగితం మడతపెట్టి ఇచ్చినట్టుగా ఉంటుంది. కత్తి ఝుళిపించినప్పుడల్లా లింక్ గొంతుతో అరుపు జోడించారు, అది నాకు అనవసరమనిపించింది, మెట్రోలో పక్కవారికీ అలాగే అనిపించి ఉంటుంది. 2001 నాటి తొలి గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కు తెర వెలుగు లేదు కాబట్టి చీకటి గదుల్లో దీపం పట్టుకుని నడిచే ఈ ఆటకు అది తగదు. 2003లో వచ్చిన, ముడుచుకునే ఎస్‌పీ రకం కొనుక్కోవడం మంచిది, దానికి తెర వెలుగు ఉంది, ఛార్జింగ్ బ్యాటరీ ఉంది. అయితే దానికి మామూలు ఇయర్‌ఫోన్ రంధ్రం ఉండదు, వేరే అడాప్టర్ కావాలి, డొల్ల గోడల చప్పుడు వినాలంటే ఆ ఖర్చు తప్పదు. రోజూ కొద్దికొద్దిగా ఆడేవారు మరో విషయం తెలుసుకోవాలి: డంజియన్ మధ్యలో సేవ్ చేసి ఆపేస్తే, తెరిచిన తలుపులు, తీసిన పెట్టెలు అలాగే ఉంటాయి కానీ లింక్ మాత్రం ఆగిన గదిలోంచి మొదలుపెట్టడు. నాగోలు నుంచి అమీర్‌పేట వరకు ఉన్న ప్రయాణానికి తగినట్టు, ఎక్కడ ఆపాలో ముందే చూసుకోవడం నేను అలవాటు చేసుకున్నాను.

కొనేవారికి ఒక హెచ్చరిక కూడా చేయాలి. నేను మొదట కొన్న కార్ట్రిడ్జ్ సికింద్రాబాద్‌లో పాత ఎలక్ట్రానిక్స్ అమ్మే ఒక చిన్న దుకాణంలోది. ఆట బాగానే నడిచింది, ఐదు వారాలు సేవ్ కూడా నిలిచింది. మంచు ప్రాసాదం సగంలో ఉండగా ఒక ఉదయం యంత్రం తెరిస్తే సేవ్ గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. తీసుకువెళ్ళి అడిగితే, పాత సామాన్లకు పూచీ ఉండదని దుకాణదారు చెప్పాడు, నిజానికి అది పాతది కాదు, నకిలీది. లోపల చిన్న గుండ్రటి బ్యాటరీ అమర్చిన నకిలీ చిప్ అనీ, ఆ బ్యాటరీ అయిపోవడంతో సేవ్‌లు చెరిగిపోయాయనీ మరమ్మతు చేసే అబ్బాయి విప్పి చూపించాడు. అసలు కార్ట్రిడ్జ్‌ను కొంతవరకు ఇలా పోల్చుకోవచ్చు: ముందు స్టిక్కర్‌ను వెలుతురులో వంచి చూస్తే మసకగా అదిమిన అంకెలు కనిపిస్తాయి, కింది అంచులో లోహపు కాళ్ళ పైన పలక మీద నింటెండో పేరు అచ్చు వేసి ఉంటుంది, అక్షరాలు స్ఫుటంగా ఉంటాయి. ఇవి సరిచూడకుండా డబ్బు ఇవ్వకూడదు. రెండో కార్ట్రిడ్జ్ నా స్నేహితురాలు అమెరికా నుంచి వస్తూ తెచ్చిపెట్టింది. మొదటి నుంచి ఆడవలసి వచ్చినప్పుడు చాలా దుఃఖించాను కానీ, రెండోసారి నడిచేటప్పుడు తూర్పు ప్రాసాదాన్ని మ్యాప్ తెరవకుండా పూర్తి చేయగలిగాను. ఆ భవనం నాలో ఎంతగా నిలిచిపోయిందో అప్పుడు తెలిసింది.

ఇప్పటికి గానన్‌తో పోరాటం పూర్తయింది, గుండె ముక్కలు ఇంకా రెండు దొరకలేదు. ఈ రూపంలో మాత్రమే ఉన్న ‘ప్యాలెస్ ఆఫ్ ది ఫోర్ స్వోర్డ్’ అనే అదనపు డంజియన్ గుమ్మం వరకు వెళ్ళాను, లోపలికి వెళ్ళలేకపోయాను. అది తెరుచుకోవాలంటే కార్ట్రిడ్జ్‌లోని రెండో ఆట ‘ఫోర్ స్వోర్డ్స్’ను పూర్తి చేయాలి, ఆ ఆట ఒక్కరే ఆడేందుకు వీలులేదు, కనీసం ఇద్దరు మనుషులు, రెండు యంత్రాలు, రెండు కార్ట్రిడ్జ్‌లు, వాటిని కలిపే కేబుల్ కావాలి. ఒంటరిగా ఆడేవారికి ఒక డంజియన్‌ను ఇలా పూర్తిగా మూసివేయడం ఈ కార్ట్రిడ్జ్‌లో నేను క్షమించలేని ఒకే ఒక్క నిర్ణయం, ఎందుకంటే ఇది తాళంచెవిని ఆటలో దాచడం కాదు, ఆట బయట దాచడం. మా వాడు ఆ గుమ్మం ముందు నిలబడిన లింక్‌ను చూసి, “పిన్నీ, నా పుట్టినరోజుకు సైకిల్ వద్దు, ఇదే కొనిపెట్టు, ఇద్దరం కలిసి లోపలికి వెళ్దాం,” అన్నాడు. వాడి కోసం ఒక పాత ఎస్‌పీ యంత్రం, స్టిక్కర్ మీద అదిమిన అంకెలున్న ఒక అసలు కార్ట్రిడ్జ్ దొరికాయి. కేబుల్ కోసం ఇంకా వెతుకుతున్నాను.